రెండో దీపం

అమ్మ నా ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆవిడ ఒక్క స్విచ్చి మీద కూడా వేలు పెట్టలేదు. సాయంత్రం నేను కొట్టు మూసి వచ్చేసరికి ముందు గదిలో, చీకట్లో, కుర్చీలో కూర్చుని ఉంటుంది. చుట్టుపక్కల వాటాలన్నిటిలోనూ అప్పటికే లైట్లు వెలుగుతుంటాయి. "వేసుకోవచ్చుగా అమ్మా" అంటే "నువ్వొచ్చి వేస్తావుగా" అంటుంది, అదేదో మేమిద్దరం కలిసి చేసుకున్న ఏర్పాటన్నట్టు.

మొదట్లో విసుక్కునేదాన్ని. నా కోపం ముక్కు మీద ఉంటుందని తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు విసుక్కోవడం మానేశాను. ఆవిడ స్విచ్చి ముట్టుకోకపోవడానికి కారణం నేను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంతకు ముందు ఆరేళ్ళూ అమ్మ అక్క దగ్గర ఉంది. అక్కడ ఆవిడకొక గది ఉంది, కిటికీ పక్కన మంచం ఉంది, నీళ్ళు పోస్తూ తిట్టుకునే నాలుగు కుండీల మొక్కలున్నాయి, గోడ మీంచి కబుర్లు చెప్పే పక్కింటి పెద్దావిడ ఉంది. నా రెండు గదుల వాటాలో నేనూ, నా వైర్లూ తప్ప ఏమీ లేవు. అక్క మళ్ళీ రమ్మంటుందా లేదా అన్న ఒక్కదాని మీదే అమ్మ ప్రాణమంతా ఉంది. నా ఫోను మోగిన ప్రతిసారీ తల ఎత్తుతుంది. కొట్టుకు వచ్చేవాళ్ళ ఫోనని తెలిశాక దించుకుంటుంది. అక్క ఫోను చేయదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మా అక్క.

ఇంతా చేసి గొడవ ఒక హార్డ్ డిస్కు గురించి. అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే.

నేను కంప్యూటర్లు బాగు చేస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. చచ్చిందనుకుని తెచ్చిన డిస్కుల్లోంచి పెళ్ళి ఫోటోలు, కోర్టు కాగితాలు, సగం రాసిన పుస్తకాలు బయటికి లాగి చేతిలో పెడితే నా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. బజార్లో నన్ను డాక్టరమ్మ అంటారు. ఇంట్లో మాత్రం పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. బావ నన్ను స్క్రూడ్రైవరు అంటాడు, ప్రేమగానే అంటాడనుకోండి. ఒకసారి అక్క ప్రింటరు మొరాయిస్తే నాకు చెప్పకుండా బజారు చివర ఉండే ఇంకో మెకానిక్కుని పిలిపించింది. ఆయన దాని ముందు కూర్చుని నాకే ఫోను చేసి, ఏం చేయాలో అడిగి, అది చేసి, మంచి పేరు తీసుకుని వెళ్ళాడు. "చూడు, ఐదు నిమిషాల్లో ఎంత చక్కగా చేశాడో" అని ఆ సాయంత్రమే అక్క నాకు చెప్పింది.

అక్క వినపడని పిల్లల బడిలో టీచరు. బడిలో నేర్పే సైగలకు పుస్తకాలున్నాయి. అవి కాక, బడి ముఖం చూడని ముసలివాళ్ళు తమ ఇళ్ళల్లో తమకు తామే కల్పించుకున్న సైగలు వేరే ఉంటాయి. వాటికి ఏ పుస్తకమూ లేదు. అక్క తొమ్మిదేళ్ళపాటు సెలవు దొరికినప్పుడల్లా కెమెరా పట్టుకుని అలాంటివాళ్ళ ఇళ్ళకు తిరిగింది. ఒక్కో సైగకు ఒక్కో చిన్న వీడియో, మొత్తం పద్నాలుగు వందల చిల్లర. ఒక వడ్రంగి తాత వాన అని చెప్పడానికి చూరు నుంచి జారే చుక్కల్ని గాలిలో ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు. ఒకావిడ అత్తగారు అని చెప్పడానికి కనుబొమలు పైకెత్తి, నడుము దగ్గర లేని తాళంచెవులు సర్దుకుంటుంది. అది చూసి నేనూ అమ్మా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అలా చేసి చూపించినవాళ్ళలో పదకొండు మంది ఇప్పుడు లేరు. వాళ్ళ చేతులు అక్క డిస్కులో మాత్రం మిగిలాయి. అప్పటికి మరో రెండు నెలల్లో అదంతా నిఘంటువుగా బయటికి రావాల్సి ఉంది.

ఇంకో నకలు తీసి పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పానో. "నీ కొట్లో సరుకు కదలక చెప్తున్నావు" అంది ఒకసారి. మిగతా అన్నిసార్లూ "వచ్చే వారం చూద్దాం" అంది. కెమెరాకున్నది ఒకటే కార్డు. నిండినప్పుడల్లా డిస్కులోకి ఎక్కించి, కార్డు తుడిచి మళ్ళీ వాడేది. నేనైనా దబాయించి చేయించాల్సింది. రోషం వచ్చి ఊరుకున్నాను.

ఆ రోజు పొద్దున్న అక్క బడికి బయల్దేరుతూ కంప్యూటరు ఆపబోయింది. అది సరిగ్గా అప్పుడే ఏదో అప్‌డేటు మొదలుపెట్టి, ఆపవద్దని రాసి, తెర మీద చుక్కల్ని గుండ్రంగా తిప్పుకుంటూ కూర్చుంది. అక్కకు టైమైపోయింది, అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. కాసేపటికి గది ఊడవడానికి అమ్మ వచ్చింది. ఖాళీ గదిలో ఏది వెలుగుతున్నా ఆవిడకు ఒళ్ళు మంట. మా చిన్నప్పుడు మేము గదిలోంచి రెండో అడుగు బయట పెట్టేలోపే వెనకాల టక్కుమని చప్పుడయ్యేది. ఆ రోజూ గోడ మీది స్విచ్చి టక్కుమని ఆపేసి, ఊడ్చుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం అక్క వచ్చి మీట నొక్కితే నల్లటి తెర మీద రెండు వరుసల తెల్లటి అక్షరాలు. డిస్కు దొరకడం లేదు, డిస్కు పెట్టి మళ్ళీ నొక్కండి అని. ఈసారి ఫోను బజారు చివరి మెకానిక్కుకి వెళ్ళలేదు, నాకే వచ్చింది.

"కంప్యూటరు లేవడం లేదే. నువ్వు రా."

"డిస్కు విప్పించి కొట్టుకి పట్టుకురా. సామానంతా ఇక్కడుంది."

"అది గడప దాటదు. సామానే నువ్వు తెచ్చుకో."

మర్నాడు సెలవు. పదింటికల్లా వాళ్ళ భోజనాల బల్ల మీద నా సంచీ పరిచాను. అక్క ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. అప్పటికే ఆవిడకు పడాల్సిన చీవాట్లు పడినట్టున్నాయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

కంప్యూటరు పెట్టె విప్పి ముందు వైర్లు మార్చి చూశాను. లాభం లేదు. డిస్కును బయటికి తీసి, నా వైరుతో కరెంటు ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. సన్నగా, నిలకడగా తిరుగుతోంది. టిక్కుటిక్కుమంటే భయపడాలి, అది అనలేదు. నా ల్యాపుటాపుకు కలిపాను. ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది. కొంపలు ముంచే ప్రశ్న అదే. మర్యాదగా అడిగిందని అవునని నొక్కినవాళ్ళంతా ఆ తర్వాత నా కొట్టు ముందు నిలబడినవాళ్ళే. వద్దని నొక్కి, దేన్నీ ముట్టుకోకుండా చదివి మాత్రమే చూపించే సాఫ్ట్‌వేరు తెరిచాను. పేర్లు ఒక్కొక్కటీ వరసగా దిగడం మొదలెట్టాయి. వడ్రంగి తాత. తాళంచెవులావిడ. వాన, ఉప్పు, అలక, అప్పగింత.

"ఉన్నాయి అక్కా. ఏమీ పోలేదు" అన్నాను. "పుస్తకంలో విషయసూచిక పేజీ చిరిగింది, అంతే. పుస్తకం బాగానే ఉంది."

అక్క రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. "పోలేదా?" అంది అమ్మ గుమ్మం దగ్గర నుంచి. "పోలేదమ్మా" అంటే అక్కడే నేల మీద కూలబడింది.

ఆ పూట అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

ఈ పనిలో ఒక నియమం ఉంది. జబ్బు చేసిన డిస్కు మీద వైద్యం చేయకూడదు. ముందు దాన్నంతా ఉన్నదున్నట్టు ఒక కొత్త డిస్కు మీదికి దించుకోవాలి, ఆ నకలు మీద ఏ ప్రయోగమైనా చేసుకోవాలి. దించడానికి నా దగ్గర ఒక చిన్న పెట్టె ఉంది. దాని నెత్తిన రెండు గాళ్ళుంటాయి. జబ్బుది ఒక దాంట్లో, కొత్తది ఇంకో దాంట్లో నిలబెట్టి ముందున్న మీట నొక్కి పట్టుకుంటే, మొదటి గాడిలో ఉన్నది రెండో గాడిలోని దాని మీద రాసుకుపోతుంది. రెండో దాంట్లో ఏముందో అడగదు. కంప్యూటరు కూడా అక్కర్లేదు. ముందు వైపు నాలుగు దీపాలుంటాయి, పాతిక పాతిక శాతానికి ఒక్కోటి వెలుగుతుంది. ఏ గాడి ఏదో చీమ తలకాయంత అక్షరాల్లో ముందు వైపే రాసి ఉంటుంది. అవి నేను చదివి ఏళ్ళైంది. జబ్బుది ఎడమ, కొత్తది కుడి. కొట్లో వేలసార్లు చేసిన పని, చేతులే చేసేస్తాయి.

"ఆ దీపాలు నా వైపు తిప్పు. నేను చూస్తూ ఉంటా" అంది అక్క.

"నేను చూస్తాలే."

"తిప్పవే. నీ మీద నమ్మకం లేక కాదులే."

నమ్మకం లేనివాళ్ళు వాడే మాట అదొక్కటే. నాకు చుర్రుమంది. పెట్టెను విసురుగా ఆవిడ వైపు తిప్పి పెట్టాను. బల్లకు ఇవతల నిలబడి, వెనక నుంచి వంగి, జబ్బు డిస్కును నా ఎడమ వైపు గాడిలో, కొత్త డిస్కును నా కుడి వైపు గాడిలో దించాను. చెయ్యి చాచి మీట నొక్కి పట్టుకున్నాను. పెట్టె తిరిగింది, నా చేతులు తిరగలేదు. ఖాళీ డిస్కులోని శూన్యం అక్క తొమ్మిదేళ్ళ మీద రాసుకోవడం మొదలైంది. నేను కూర్చుని చేతులు తుడుచుకున్నాను.

మూడు గంటల పని. అమ్మ టీ పెట్టి తెచ్చింది, అదే నేల మీద కూర్చుని చిక్కుళ్ళు వలవడం మొదలుపెట్టింది. బావ పేపరు పట్టుకుని వచ్చి "మన స్క్రూడ్రైవరు ఉండగా మనకేం భయం" అని వెళ్ళాడు. మొదటి దీపం వెలిగినప్పుడు అక్క చిన్నపిల్లలా "ఒకటి" అంది. తర్వాత, నా వైపు చూడకుండా, "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో" అంది.

నాకు నలభై ఏడేళ్ళు. అక్క నోటి నుంచి నా పని గురించి ఒక మంచి మాట వినడం అదే మొదలు. ఏదో పెద్ద గొప్పదాన్ని అన్నట్టు "ఇదేముంది అక్కా" అన్నాను. ఆ తర్వాత అరగంటసేపు ఆవిడ బడి కబుర్లు చెబుతుంటే మేమిద్దరం చిన్నప్పటిలా నవ్వుకున్నాం. అమ్మ కూడా నవ్వింది.

రెండో దీపం వెలిగాక నీళ్ళ కోసం లేచాను. నీళ్ళ బిందె అక్క వెనకాల ఉంది. బల్ల చుట్టూ తిరిగి వెళుతూ, అలవాటు కొద్దీ ఆవిడ భుజం మీంచి వంగి పెట్టె వైపు చూశాను. సోర్సు అని రాసి ఉన్న గాడిలో కొత్త డిస్కు తళతళలాడుతోంది.

అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టి ఉంటుంది, అంతకంటే పట్టదు. నా పని అది. సగం పోయింది. సగం ఇంకా ఉంది. ఇప్పుడు వైరు లాగేస్తే మిగిలిన ఏడు వందల సైగల్ని నేను బయటికి తీయగలను, ఎంత కష్టమైనా తీయగలను. వైరు నా చేతికి జానెడు దూరంలో ఉంది. లాగితే ఎందుకు లాగావని అక్క అడుగుతుంది.

"ఏంటే, అలా నిలబడ్డావు?" అంది అక్క.

"ఏం లేదు. సరిగ్గానే పోతోంది" అన్నాను.

ఆ మాట నేను అనలేదనీ, దానంతటదే వచ్చిందనీ చాలాసార్లు అనుకోవాలని చూశాను. నేనే అన్నాను. నీళ్ళు తాగి, మళ్ళీ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా కుర్చీలో కూర్చున్నాను. గంటన్నర. ఏడు వందల సైగలు, గంటన్నర, నిమిషానికి సుమారు ఎనిమిది. కూర్చుని లెక్క కూడా కట్టాను. అక్క ఏదో అడిగితే జవాబు చెప్పాను. ఒకసారి నవ్వాను. ఇప్పుడు లాగుతాను, ఇప్పుడు లాగుతాను అనుకుంటూనే మూడో దీపం వెలిగింది. ఆ తర్వాత లాగినా దక్కేది పాతికే కదా అనిపించింది. ఆ తర్వాత ఇంకేం దక్కుతుందిలే అనిపించింది. నాలుగో దీపం వెలిగినప్పుడు అక్క చప్పట్లు కొట్టింది.

కొత్త డిస్కును ల్యాపుటాపుకు పెట్టాను. ఖాళీ. పాతది పెట్టాను. ఖాళీ. తర్వాత నేను మాట్లాడిన మాటలకు గొంతు కూడా వణకలేదు. నిన్న కరెంటు ఒక్కసారిగా పోయినప్పుడు డిస్కు లోపల రాతల్ని చదివే ముల్లు, తిరిగే పళ్ళెం మీద గీసుకుపోయి ఉంటుందనీ, పొద్దున ఎలాగో పేర్లు చదవగలిగామనీ, మూడు గంటలు ఆగకుండా తిరిగేసరికి ఆ గీతే మొత్తాన్ని తినేసిందనీ చెప్పాను. అక్కకు అర్థం కాకపోతే కాగితం తీసుకుని గుండ్రంగా పళ్ళెం గీసి, దాని మీద ముల్లు గీసి, గీత ఎక్కడ పడిందో చూపించాను. అంత చక్కని బొమ్మ నేను జన్మలో గీయలేదు.

"అంటే స్విచ్చి ఆపడం వల్లేనా?" అంది అక్క.

"అవును."

"అంటే అమ్మ వల్ల."

నేను మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది పూర్తి అంగీకారం.

పెద్ద ల్యాబుకు పంపిస్తే అని అడిగింది. పంపినా లాభం లేదన్నాను. ల్యాబువాళ్ళు చూస్తే ఐదు నిమిషాల్లో నా నిర్వాకం బయటపడేది. నన్ను ఏనాడూ నమ్మని అక్క ఆ పూట మారుమాట లేకుండా నమ్మింది. బజారు చివరి మెకానిక్కుని కూడా పిలవలేదు.

అక్క అరిచి ఉంటే అమ్మ తట్టుకునేది. అరవలేదు. మాట్లాడటం మానేసింది. అమ్మ ఎదురుగా ఉండగానే బావతో "ఆవిడ తిన్నారేమో అడగండి" అనేది. అమ్మ వంటింట్లోకి వస్తే అక్క బయటికి వచ్చేసేది. కంప్యూటరు గదికి తాళం వేసింది. మూడు వారాలయ్యాక అమ్మే నాకు ఫోను చేసి "కొన్నాళ్ళు నీ దగ్గరుంటానే" అంది. తీసుకొచ్చేశాను. వస్తూ వస్తూ మొక్కలకు నీళ్ళు పోయమని పక్కింటావిడకు చెప్పింది. ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి నోరు రాలేదు.

నేనేమీ హాయిగా లేను. అక్క దీపాలు తన వైపు తిప్పించుకుంది కాబట్టి తప్పు అక్కదే అని ఒక వారం నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ స్విచ్చి ఆపకపోతే డిస్కు అసలు నా చేతికి వచ్చేదే కాదు కాబట్టి మొదటి తప్పు అమ్మదే అని ఇంకో వారం. తర్వాత తప్పు మోపడానికి మనుషులు అయిపోయారు. కొట్టుకు వచ్చిన ఒకాయన "ఎవరో తెలిసీ తెలియక కాపీ చేసి మొత్తం పోగొట్టారండి" అంటే, "ఎవరండీ, ఎవరు చెప్పారు మీకు" అని ఆయన మీద ఎగిరాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

పోయిన వారం ఒక మధ్యాహ్నం, మరిచిపోయిన వైరేదో తీసుకుందామని ఇంటికి వచ్చాను. రోళ్ళు పగిలే ఎండ. అమ్మ తలుపు పక్కన గోడకు ఆనుకుని ఉంది. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. నెత్తి మీద ఫ్యాను కదలకుండా ఉంది.

"ఫ్యానైనా వేసుకోవేంటమ్మా, పోతావు" అన్నాను.

"ఏమే" అంది, నిజంగా తెలుసుకోవాలని అడిగింది, "ఇక్కడ ఫ్యాను వేస్తే నీ కొట్లో వాటికేమీ కాదు కదా?"

నా కొట్టు అక్కడికి నాలుగు వీధుల అవతల ఉంది. నేను ఫ్యాను వేసి, వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను. తర్వాత అక్కకు ఫోను చేసి ఆదివారం రమ్మన్నాను. అమ్మ గురించి అయితే రానంది. నా గురించి అన్నాను.

ఆదివారం అక్క ఒక్కతే వచ్చింది. అమ్మ లేచి నిలబడింది. "కూర్చో అమ్మా" అంది అక్క, ఎటో చూస్తూ. నేను పెట్టె తెచ్చి వాళ్ళిద్దరి మధ్య పెట్టాను. రెండు పాత డిస్కులు చేతిలో పట్టుకుని మొదలుపెట్టాను.

"నీ డిస్కును పోగొట్టింది అమ్మ కాదక్కా. నేను."

అంతా చెప్పాను. పెట్టె తిప్పి చూపించాను, వెనక నుంచి డిస్కులు దించి చూపించాను, నా ఎడమ ఎటు వైపు పడిందో వేలు పెట్టి చూపించాను. అక్క తరగతిలో పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు విన్నది.

"అయిందా?" అంది. "అమ్మ చెప్పమందా ఇదంతా?"

"నేనెందుకు చెప్పమంటానే. నాకు వీటి సంగతేం తెలుసు" అంది అమ్మ బెదురుగా.

"అమ్మకేమీ తెలీదు. విను, ఇంకా ఉంది" అన్నాను. "రెండో దీపం దగ్గర నాకు తెలిసింది. నీళ్ళకు లేచానే, అప్పుడు. వైరు లాగేస్తే సగం దక్కేవి. లాగలేదు. నీకు చెప్పాల్సి వస్తుందని లాగలేదు. గంటన్నర చూస్తూ కూర్చున్నాను."

అక్క ముఖం పాలిపోయింది. నమ్మిందనుకున్నాను. కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

"ఆ గంటన్నరా నీ ఎదురుగా కూర్చున్నది నేను. నేనడిగినదానికి జవాబు చెప్పావు. నా మాటలకు నవ్వావు. తెలిసి తెలిసి అలా కూర్చుంటారటే ఎవరైనా? పగవాళ్ళు కూడా కూర్చోరు. నీకు నోరు పెద్దదే గానీ నువ్వలాంటిదానివి కాదు."

"అలాంటిదాన్నే అక్కా."

"ఊరుకో."

"నీ దగ్గరున్న ఆ డిస్కును ఏ ల్యాబుకైనా పంపు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ డిస్కు రాసిన సున్నాలే ఉంటాయి. గీత పడితే సున్నాలు రావు. ఎవర్నైనా అడుగు."

"మీ భాష నాకు తెలీదు. ఆ రోజూ ఇలాగే చెప్పావు, బొమ్మ గీసి మరీ చెప్పావు. ఆ రోజు చెప్పింది డాక్టరమ్మ. ఇవాళ చెప్తున్నది అమ్మని ఇలా చూడలేని కూతురు. నాకా మాత్రం తెలీదా?"

అక్క నోట డాక్టరమ్మ అన్న మాట వినడం కూడా అదే మొదటిసారి. నాకు నిజంగా పిచ్చెక్కింది. పెట్టెను మళ్ళీ తిప్పాను, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, గొంతు పెద్దది చేశాను. ఎంత గట్టిగా చెబితే అంత అబద్ధంలా వినపడింది. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నా మాట నమ్మినందుకు కాదు.

"నాలుగు నెలలు మొండికేసి కూర్చున్నాను" అంది. "చిన్నదానివి, నువ్వు ఇంత నింద నెత్తినేసుకోవడానికి సిద్ధపడ్డావు. పెద్దదాన్నయ్యుండి నేను ఒక్క మాట వదులుకోలేకపోయాను. అమ్మా, ఇంటికి పోదాం పద."

అమ్మ నమ్మలేనట్టు చూసింది. తర్వాత అక్క రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను క్షమించావా?" అని అడిగింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, కన్న కూతుర్ని, నేను చేసిన దానికి, నా ఎదురుగా అడిగింది.

"క్షమించానులే అమ్మా" అంది అక్క.

"నువ్వు కాదమ్మా, నువ్వేం చేయలేదు, నేను చేశాను" అన్నాను మూడోసారి.

"సరేలే తల్లీ, సరేలే" అంది అమ్మ. జ్వరం వచ్చినప్పుడు చిన్నపిల్లలు ఏదేదో వాగుతుంటే అనే మాటలా అంది.

పది నిమిషాల్లో సంచీ సర్దుకుంది. పోవడానికి అంత తొందర పడటం, నాలుగు నెలలుగా బట్టలు మడిచి పెట్టుకునే ఉండటం చూశాను. గుమ్మం దగ్గర నా చెంప మీద చెయ్యి వేసింది. "నా కోసం ఎంత మాట మీదేసుకున్నావే" అంది మెల్లగా, అక్కకు వినపడకుండా. "అంత పాపిష్టి పని నువ్వు చేస్తావా ఎక్కడైనా. చేసినవాళ్ళు బాగుపడతారా."

అక్క రెండు మెట్లు దిగి ఆగింది. "పుస్తకం మళ్ళీ మొదలుపెడుతున్నా. పోయినవాళ్ళు ఎలాగూ పోయారు, ఉన్నవాళ్ళ ఇళ్ళకైనా మళ్ళీ వెళ్తా. ఈసారి వారం వారం కాపీలు తీసిపెట్టే పని నీదే. డిస్కు నేనే నీ కొట్టుకు తెచ్చిస్తా. ఇంకెవర్నీ నమ్మను" అంది.

నాలుగోసారి నేను నోరు తెరవలేదు. ఇప్పుడిక చెప్పినా ఎవరూ నమ్మరని సర్ది చెప్పుకున్నాను. అది నిజమే, కానీ నేను ఊరుకున్నది అందుకు కాదు. "సరే అక్కా, తీసిపెడతా" అన్నాను. అమ్మ అక్క భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే పై నుంచి చూస్తూ నిలబడ్డాను, నాకు గుండెల మీంచి బరువు దిగినట్టు హాయిగా ఉంది.